పాత లాప్‌టాప్‌కి ఏ తేలికపాటి ఓఎస్ వేయాలి? పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు వాళ్ల కోసం మొదటి నుంచి చివరి దాకా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం వైపు నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "ఇంట్లో పాత లాప్‌టాప్ ఉంది, విండోస్ అసలు కదలట్లేదు, ఏ లినక్స్ వేయమంటారు?" (ఓఎస్ అంటే యంత్రాన్ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్, లినక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఓఎస్.) 2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయాక ఇది ఇంకా ఎక్కువైంది. విండోస్ 11కి వెళ్దామంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. ప్లస్ టూలో మంచి మార్కులొచ్చిన పిల్లలకు అప్పట్లో ఒడిశా ప్రభుత్వం ఇచ్చిన లాప్‌టాప్‌ల్లో పాతవి ఆ లెక్కకు అందవు.

ఒక పేరు చెప్పి పంపేయొచ్చు గానీ, అదే ఓఎస్ ఒకరింట్లో హాయిగా నడిచి పక్కింట్లో మొరాయిస్తుంది. ముందు మీ పని, తర్వాత యంత్రం, తర్వాత డిస్క్, వీటన్నిటి తర్వాతే ఓఎస్ పేరు. ఈ వరుస తప్పకండి.

1. విండోస్ లేకపోతే ఆగిపోయే పని ఏదైనా ఉందా?

చాలామంది దాటేసే మెట్టు ఇదే. ఓఎస్ మార్చేశాక "అయ్యో, ట్యాలీ ఎలా?" అంటే అప్పుడు చేసేదేమీ ఉండదు. కాబట్టి ఒక కాగితం తీసి, ఆ లాప్‌టాప్ మీద మీరు నిజంగా చేసే పనులు రాయండి.

వీటిలో ఏదైనా ఉంటే ఆగి ఆలోచించండి:

- ట్యాలీలో షాపు లెక్కలు
- అను స్క్రిప్ట్‌తో తెలుగు, ఆకృతితో ఒడియా టైప్ చేసే డీటీపీ పని, పేజ్‌మేకర్ ఫైళ్లు
- కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్ (జిరాక్స్ షాపుల్లో ఎక్కడ చూసినా ఇదే, లినక్స్‌లో దీన్ని నడిపించడం పెద్ద తలనొప్పి)
- ఆధార్ వేలిముద్ర యంత్రం, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్

డీటీపీ షాపులవాళ్లకు ఒక మాట. అను, ఆకృతి పాత ఫాంట్లు యూనికోడ్‌వి (అన్ని యంత్రాల్లో ఒకేలా కనిపించే అక్షరాల పద్ధతి) కావు. వాటిలో టైప్ చేసిన పెళ్లి కార్డులూ కరపత్రాలూ వేరే యంత్రంలో తెరిస్తే పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఈ పని మీద బతికే యంత్రాన్ని కదపకండి. దాన్ని విండోస్‌తోనే ఉంచి, ఇంటర్నెట్ తీసేసి, టైపింగ్‌కే వాడుకోండి. బ్యాంకు, మెయిల్ వేరే దాంట్లో చూసుకోండి.

పిల్లల చదువు, యూట్యూబ్, ఉత్తరాలు రాయడం, పీడీఎఫ్‌లు, ఆన్‌లైన్ ఫారాలు, ఇంతే అయితే లినక్స్ నిశ్చింతగా సరిపోతుంది. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు పెట్టగానే పనిచేస్తాయి.

2. యంత్రంలో ఏముందో చూడండి

మూడు విషయాలు కావాలి: ప్రాసెసర్ 64 బిట్టా 32 బిట్టా, ర్యామ్ ఎంత, డిస్క్ ఎలాంటిది, ఎంత ఆరోగ్యంగా ఉంది.

విండోస్ 10లో సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరవండి. ర్యామ్ అక్కడే ఉంటుంది. కింద "సిస్టమ్ టైప్" అనే వరుసలో రెండు మాటలుంటాయి, ఒకటి ఓఎస్ గురించి, రెండోది ప్రాసెసర్ గురించి. మీరు చూడాల్సింది రెండోది. 32 బిట్ విండోస్ ఉన్నంత మాత్రాన ప్రాసెసర్ కూడా 32 బిట్ అనుకోవద్దు. 2 జీబీ ర్యామ్ ఉన్న యంత్రాల్లో షాపులవాళ్లు 32 బిట్ విండోస్ వేసేవారు, లోపల ప్రాసెసర్ మాత్రం 64 బిట్‌దే. విండోస్ 7 అయితే కంట్రోల్ ప్యానెల్‌లో పెర్ఫార్మెన్స్ ఇన్ఫర్మేషన్ అండ్ టూల్స్‌లోకి వెళ్లి వివరాలు తెరిస్తే "64 బిట్ కేపబుల్" ఎదురుగా అవునో కాదో ఉంటుంది.

మోటుగా చెప్పాలంటే కోర్ 2 డ్యుయో, ఐ3, ఐ5 అన్నీ 64 బిట్. ఆటమ్ ఎన్270 ఉన్న చిన్న నెట్‌బుక్‌లు, పెంటియం ఎమ్ యంత్రాలు 32 బిట్.

డిస్క్ కోసం క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి. "గుడ్" అని నీలంలో ఉంటే సరే. "కాషన్" అని పసుపులో కనిపిస్తే ఆ డిస్క్ మీద కొత్త ఓఎస్ వేయడం దండగ, ముందు అందులోని ఫొటోలు బయటికి తీయండి.

3. వంద ఓఎస్‌లు మార్చినా రాని వేగం ఒక్క ఎస్‌ఎస్‌డీతో వస్తుంది

నా గట్టి నమ్మకం ఇది. ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాల్లేని, చిప్‌లతో చేసిన డిస్క్. పాత లాప్‌టాప్ నెమ్మదిగా ఉందంటే పదిలో ఎనిమిదిసార్లు తిరిగే హార్డ్ డిస్కే కారణం. బ్రౌజర్ తెరుచుకోవడానికి నిమిషం పడుతోంది, డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతోంది అంటే రోగం అక్కడే ఉంది.

2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అడగండి, 240 లేదా 256 జీబీ చాలు. పాత సాటా లాప్‌టాప్‌లు చాలావాటిలో అదే సైజు, అదే కనెక్టర్, నాలుగు స్క్రూలు విప్పితే అయిపోతుంది. తీసిన హార్డ్ డిస్క్‌ని పారేయకండి. యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే అదే మీ బ్యాకప్ డ్రైవ్.

తర్వాత ర్యామ్. ఇక్కడ పొరపాటు కొనుగోళ్లు ఎక్కువ. బరంపురమో విజయనగరమో వెళ్లి కొనేవాళ్లు పాత ర్యామ్ కార్డు విప్పి చేత్తో పట్టుకుపోండి, లేదా దాని స్టిక్కర్‌ని ఫొటో తీసుకోండి. డీడీఆర్2, డీడీఆర్3 ఒకదాని స్లాట్‌లో ఒకటి పట్టవు. 4వ తరం ఇంటెల్ నుంచి చాలా లాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి, మామూలు డీడీఆర్3 పెడితే ఆన్ కాకపోవచ్చు. అనుమానంగా ఉంటే "ఎల్" ఉన్నదే తీసుకోండి, డీడీఆర్3 యంత్రాల్లోనూ అది సాధారణంగా పనిచేస్తుంది.

విప్పారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము కూడా దులపండి. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, దాన్ని ఏ ఓఎస్సూ బాగుచేయలేదు.

4. ఇప్పుడు ఓఎస్ ఎంచుకోండి

4 జీబీ ర్యామ్, 64 బిట్: లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్ (మింట్‌లో తేలికపాటి రకం). కింద స్టార్ట్ మెనూ, పక్కన గడియారం, విండోస్ 7కి అలవాటు పడిన ఇంట్లో పెద్దవాళ్లు కూడా తికమకపడరు. మింట్ 22 వరుసకు 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. ఏది వేయాలో తేల్చుకోలేకపోతే ఇదే వేయండి.

2 జీబీ, 64 బిట్: లుబుంటు. మింట్ కూడా ఎక్కుతుంది, 2 జీబీ చాలని వాళ్లే చెప్తారు, కానీ బ్రౌజర్‌లో మూడో ట్యాబ్ తెరిచేసరికి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. లుబుంటులో ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండేది) అని రాసి ఉన్నదే తీసుకోండి, దానికి 3 ఏళ్లు అప్‌డేట్లు వస్తాయి. అది కూడా బరువనిపిస్తే యాంటిఎక్స్ చూడండి.

1 జీబీ లేదా 32 బిట్: యాంటిఎక్స్ 23, లేకపోతే పప్పీ. పప్పీ మొత్తం ర్యామ్‌లోకి ఎక్కి నడుస్తుంది, డిస్క్ పాడైన యంత్రాన్ని కూడా పెన్‌డ్రైవ్‌తో వాడుకోవచ్చు. అయితే వీటిమీద ఎంత ఆశ పెట్టుకోవాలో ముందే చెప్పాలి. చాలా లినక్స్‌లకు పునాది డెబియన్, దాని 13వ వెర్షన్ నుంచి 32 బిట్ ఇన్‌స్టాలర్ లేదు, యాంటిఎక్స్ 23కి పునాది అయిన డెబియన్ 12కి 2028 జూన్ వరకే సపోర్ట్. 32 బిట్ లినక్స్‌కి క్రోమ్ బ్రౌజర్ ఎప్పుడో ఆగిపోయింది, ఫైర్‌ఫాక్స్ కూడా 2025లో కొత్త వెర్షన్లు ఆపేసింది. కాబట్టి ఈ యంత్రాలు టైపింగ్‌కి, పీడీఎఫ్ చదవడానికి, పాటలకు. బ్యాంకు పనికి వాడొద్దు.

8 జీబీ: తేలికపాటి ఓఎస్ వెతకాల్సిన పనే లేదు. మింట్ సినమన్ వేసుకోండి.

గూగుల్ వాళ్ల క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ గురించి చాలామంది అడుగుతున్నారు. 4 జీబీ ర్యామ్ కావాలి, గూగుల్ అకౌంట్‌తో నడుస్తుంది, ప్లే స్టోర్ యాప్‌లు రావు, డిస్క్ మీద ఉన్నదంతా తుడిచేసి తానొక్కటే కూర్చుంటుంది. టౌన్‌లో ఫైబర్ కనెక్షన్ ఉండి బ్రౌజర్ తప్ప ఇంకేమీ అక్కర్లేని ఇంటికి బాగుంటుంది. సిగ్నల్ కోసం డాబా ఎక్కాల్సిన కొండ ఊళ్లకు నేను చెప్పను.

ఇంకొకటి. కొన్ని షాపుల్లో "లైట్ విండోస్" అని ఎవరో కోసి కుదించిన విండోస్ వేసి ఇస్తారు. వేగంగానే ఉంటుంది. అందులోంచి ఏం తీశారో, ఏం చేర్చారో మీకు తెలియదు, అప్‌డేట్లు చాలావాటిలో పీకేసి ఉంటాయి. అందులో మీ బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొద్దు, దయచేసి.

5. డౌన్‌లోడ్: రోజు డేటా సరిపోకపోతే

మింట్ ఐఎస్ఓ ఫైల్ (ఓఎస్ మొత్తం ఇమిడి ఉండే ఒకే ఫైల్) 3 జీబీకి అటూ ఇటూగా ఉంటుంది. రోజుకు 1.5 లేదా 2 జీబీ వచ్చే ఫోన్ ప్యాక్‌తో ఒక్క రోజులో దిగదు. మామూలుగా దించితే మధ్యలో తెగిపోయి మళ్లీ మొదటికి రావచ్చు. అందుకే అధికారిక వెబ్‌సైట్‌లోని టొరెంట్ లింక్ వాడండి. ఎక్కడ ఆగితే అక్కడి నుంచే మర్నాడు మొదలవుతుంది, పైగా దిగిన ప్రతి ముక్కనూ అదే సరిచూసుకుంటుంది. టొరెంట్ అనగానే భయపడకండి, ఇది వాళ్లే పెట్టిన ఫైల్.

నేరుగా దించినా, స్నేహితుడి దగ్గర కాపీ చేసుకున్నా, ఫైల్ సరిగా ఉందో లేదో చూడాలి. 7-జిప్ ఉంటే ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి సీఆర్‌సీ ఎస్‌హెచ్ఏ మెనూలో ఎస్‌హెచ్ఏ-256 నొక్కండి. వచ్చిన పొడుగాటి సంఖ్య వెబ్‌సైట్‌లో ఇచ్చినదానితో అక్షరం అక్షరం కలవాలి. ఇన్‌స్టాల్ 80 శాతం దగ్గర ఆగిపోయిందనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇక్కడే.

6. చెరిపే ముందు దాచుకోవాల్సినవి

- ఫొటోలు, వీడియోలు, డెస్క్‌టాప్ మీదున్న ఫైళ్లు, డౌన్‌లోడ్స్ (మార్కుల మెమోలు, కుల ధ్రువీకరణ పత్రాల స్కాన్‌లు ఎక్కువగా దొరికేది అక్కడే)
- బ్రౌజర్ బుక్‌మార్కులు, సేవ్ చేసిన పాస్‌వర్డులు
- ట్యాలీ డేటా ఫోల్డర్
- విండోస్ ఉంచుకుంటూ పక్కన లినక్స్ వేస్తుంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ

ఇవన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యాక దాన్ని వేరే యంత్రంలో పెట్టి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని నమ్మొద్దు.

7. పెన్‌డ్రైవ్ తయారీ

బ్యాకప్‌ది కాకుండా వేరే 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, అందులో ఉన్నదంతా పోతుంది. విండోస్‌లో రూఫస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి, పెన్‌డ్రైవ్ ఎంచుకోండి, ఐఎస్ఓ ఎంచుకోండి, పార్టిషన్ స్కీమ్ దగ్గర ఎంబీఆర్ ఉంచండి (ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్ పాత యంత్రాల్లో బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్‌ఐ, రెండింటికీ ఇది పనికొస్తుంది), స్టార్ట్ నొక్కండి. ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అని అడిగితే మొదట ఐఎస్ఓ. బూట్ కాకపోతే, అంటే పెన్‌డ్రైవ్ నుంచి ఓఎస్ మొదలవకపోతే, రెండోసారి డీడీతో చేయండి.

రెండు మూడు ఓఎస్‌లు చూసి తేల్చుకుందామనుకుంటే వెంటాయ్ వాడండి, ఒకే పెన్‌డ్రైవ్‌లో ఎన్ని ఐఎస్ఓలైనా కాపీ చేసుకోవచ్చు. లాప్‌టాప్‌లో విండోస్ అసలు తెరుచుకోవట్లేదా? ఓటీజీ కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఫోన్ నుంచి ఎచ్‌డ్రాయిడ్ అనే యాప్‌తో కూడా రాయొచ్చు.

8. ఇన్‌స్టాల్ చేయకుండా గంటసేపు వాడి చూడండి

లాప్‌టాప్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ మీట వరుసగా నొక్కండి. డెల్, లెనోవో, తోషిబా: ఎఫ్12. హెచ్‌పీ: ఎస్కేప్ నొక్కి తర్వాత ఎఫ్9. అసుస్: ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12 గానీ, చాలా మోడళ్లలో ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి దాన్ని ఎనేబుల్ చేయాలి. కొన్ని లెనోవోల్లో పక్కన చిన్న కన్నంలా ఒక బటన్ ఉంటుంది, యంత్రం ఆఫ్‌లో ఉన్నప్పుడు పిన్నుతో నొక్కితే మెనూ వస్తుంది.

డెస్క్‌టాప్ వచ్చాక మీ డిస్క్‌లో ఏమీ మారలేదు. ఇవి చూడండి:

- వైఫై దొరుకుతోందా, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలుస్తోందా
- సౌండ్, మైక్, కెమెరా
- బ్రైట్‌నెస్ మీటలు, టచ్‌ప్యాడ్‌తో స్క్రోల్
- యూట్యూబ్ 480పీ ఆగకుండా ఆడుతోందా
- మూత మూసి తెరిస్తే మేలుకుంటోందా
- ఒక తెలుగు పేజీ, ఒక ఒడియా పేజీ తెరిస్తే అక్షరాలు సరిగా ఉన్నాయా
- మీ ప్రింటర్ కలిపితే గుర్తిస్తోందా

పెన్‌డ్రైవ్ నుంచి నడుస్తోంది కాబట్టి కొంచెం నెమ్మదిగా ఉంటుంది, దాన్ని బట్టి తీర్పు చెప్పొద్దు. వైఫై, సౌండ్, మూత విషయంలో తేడా వస్తే ఇంకో ఓఎస్ పెట్టి చూడండి. ఎంపిక నిజంగా జరిగేది ఈ గంటలోనే.

9. ఇన్‌స్టాల్

చార్జర్ పెట్టి ఉంచండి. బ్యాటరీ చచ్చిపోయిన లాప్‌టాప్ అయితే ఇన్వర్టర్ లైను మీద పెట్టండి. వానాకాలం సాయంత్రం గాలివాన వచ్చేలా ఉంటే ఆ రోజు మానేయండి. డిస్క్ మీద రాస్తున్నప్పుడు కరెంటు పోతే సగం ఓఎస్‌తో మిగులుతారు, మళ్లీ మొదటి నుంచి చేయాలి.

డెస్క్‌టాప్ మీదున్న ఇన్‌స్టాల్ గుర్తు నొక్కండి. మెనూల భాష ఇంగ్లిష్ ఉంచమనే చెప్తాను, ఎందుకంటే రేపు ఏదైనా సమస్య వస్తే ఆ ఇంగ్లిష్ మాటతో వెతికితేనే జవాబు దొరుకుతుంది. తెలుగు, ఒడియా టైపింగ్‌కి దానితో సంబంధం లేదు. మల్టీమీడియా కోడెక్‌లు (పాటలు, వీడియోలు ఆడించడానికి కావాల్సినవి) అడిగితే టిక్ పెట్టండి.

తర్వాత వచ్చే తెర జాగ్రత్త. "ఎరేజ్ డిస్క్" అంటే మొత్తం తుడిచి లినక్స్ ఒక్కటే. "అలాంగ్‌సైడ్" అంటే విండోస్ పక్కన. 4 జీబీ యంత్రంలో చిన్న డిస్క్ ఉంటే రెండూ పెట్టి ఇరుకు చేసుకోకండి. పక్కనే పెట్టాలనుకుంటే ముందు విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపి, పూర్తిగా షట్‌డౌన్ చేసి రండి. రెండు డిస్క్‌లు కనిపిస్తుంటే సైజు చూసి ఎంచుకోండి, బ్యాకప్ డ్రైవ్‌ని ముందే పీకేస్తే ఇంకా మంచిది.

టైమ్ జోన్ కోల్‌కతా. పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి.

10. తెలుగు, ఒడియా రెండూ టైప్ చేసుకోవడం

మనవైపు ఇళ్లలో ఇది తప్పనిసరి. పిల్లల స్కూలు ఒడియాలో, ఇంట్లో ఉత్తరాలు తెలుగులో.

మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈలో సెట్టింగ్స్, కీబోర్డ్, లేఅవుట్ ట్యాబ్‌కి వెళ్లండి. "యూజ్ సిస్టమ్ డిఫాల్ట్స్" ఆపండి. యాడ్ నొక్కి ఇండియన్ కింద తెలుగు, ఆ తర్వాత ఒడియా (ఒరియా అని రాసి ఉండొచ్చు) చేర్చండి. అక్కడే భాష మార్చే షార్ట్‌కట్ పెట్టుకోండి. ఇవి ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఉంటాయి. ఇందులో పెద్ద లాభం ఏమిటంటే ఒకే ధ్వనికి అన్ని భారతీయ భాషల్లో ఒకే మీట. ఇంగ్లిష్ కె మీద తెలుగు క, అదే మీట మీద ఒడియా క. తెలుగు నేర్చుకున్న చెయ్యి ఒడియాకి మళ్లీ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.

ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు రావాలనుకునేవాళ్లు మింట్ మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి, తెలుగు ఎంచుకుని, అక్కడ చెప్పినట్టు ఐబస్ అనే టైపింగ్ సాఫ్ట్‌వేర్ వేసుకోండి. అందులో ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులుంటాయి, ఒడియాకి కూడా అక్కడే చేర్చుకోవచ్చు. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అయ్యాకే పనిచేస్తుంది.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో లోహిత్ లేదా నోటో ఫాంట్లు వెతికి వేయండి.

11. మొదటి రోజు చేయాల్సినవి

అప్‌డేట్ మేనేజర్ తెరిచి అన్నీ వేయండి. మొదటిసారి వందల ఎంబీలు దిగుతాయి, డేటా ఉన్న రోజు చేయండి. డ్రైవర్ మేనేజర్ ఒకసారి చూడండి.

ఓఎస్ ఎంత తేలికైనా బ్రౌజర్ బరువు తగ్గదు. యూట్యూబ్, వాట్సాప్ వెబ్, ఇంకో న్యూస్ సైట్ కలిస్తేనే 1 జీబీ దాటొచ్చు. ఫైర్‌ఫాక్స్‌లో యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టండి, ప్రకటనలు ఆగితే ర్యామ్‌తో పాటు డేటా కూడా మిగులుతుంది. ట్యాబ్‌లు మూడు నాలుగుకి మించొద్దు. ర్యామ్ తక్కువున్న యంత్రంలో జడ్‌ర్యామ్ పెట్టుకుంటే ర్యామ్‌లోనే సరుకు కుదించి దాస్తుంది, తేడా బాగా తెలుస్తుంది.

12. వచ్చే ఇబ్బందులు, వాటికి మందు

బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించట్లేదు. వేరే పోర్టులో పెట్టండి, వీలైతే నీలం రంగు లేని పోర్టులో. అప్పటికీ రాకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపి చూడండి.

నల్ల తెర వచ్చి ఆగిపోతోంది. పెన్‌డ్రైవ్ మెనూలోనే కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి. పాత ఎన్‌విడియా కార్డులతో ఇది మామూలే.

వెబ్‌సైట్లన్నీ "సురక్షితం కాదు" అంటున్నాయి. తేదీ చూడండి. బోర్డు మీద చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది, తేదీ తప్పయితే ఏ సైటూ నమ్మదు. చాలా వాటిలో సీఆర్2032, కొన్నిటిలో వైరుతో ఉన్నది. మార్పించుకోండి.

విండోస్‌లోకి వెళ్తే టైమ్ ఐదున్నర గంటలు తేడా. లినక్స్ లోపలి గడియారాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది, విండోస్ దాన్నే మన టైమ్ అనుకుంటుంది. రెండూ ఉన్న యంత్రంలోనే ఇది వస్తుంది. లినక్స్‌ని లోకల్ టైమ్ వాడేలా మారిస్తే పోతుంది.

వైఫై అసలు లేదు. పాత డెల్, హెచ్‌పీ యంత్రాల్లో బ్రాడ్‌కామ్ కార్డు ఉంటే డ్రైవర్ విడిగా వేయాలి, దానికి నెట్ కావాలి, నెట్‌కి వైఫై కావాలి. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. లాప్‌టాప్‌కి నెట్ వచ్చేస్తుంది. అప్పుడు డ్రైవర్ మేనేజర్ తెరిచి, అది చూపించిన బ్రాడ్‌కామ్ డ్రైవర్ ఎంచుకుని, రీస్టార్ట్ చేసి, కేబుల్ పీకేయండి.